శాలువా ముందు సీటుకి, జాకెట్టు గుడ్డ వెనక సీటుకి

మేమిద్దరం హైదరాబాదు నుంచి కన్యాకుమారికి మోటారు సైకిలు మీద వెళ్ళి తిరిగొచ్చాం. పోనూ రానూ రెండున్నర వేల కిలోమీటర్లు. పది రోజులు. వచ్చిన మర్నాటి ఆదివారం మా కాలనీ సంఘంవాళ్ళు చిన్న సన్మానం ఏర్పాటు చేశారు. మావారికి జరీ అంచు శాలువా కప్పి, మెడలో దండ వేసి, "యాభై ఏళ్ళు దాటాక ఇంత సాహసమా!" అని చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత కార్యదర్శిగారి భార్య నన్ను పక్కకు పిలిచి, బొట్టు పెట్టి, రెండు అరటిపళ్ళూ, తమలపాకులూ, ఓ జాకెట్టు గుడ్డా చేతిలో పెట్టింది.

ఆ గుడ్డ మడతలు చూడగానే తెలిసిపోయింది, అది అప్పటికే నాలుగైదు ఇళ్ళు తిరిగి వచ్చిందని. ఆ లెక్కన ప్రయాణాల్లో నాకంటే అదే సీనియరు!

అంతటితో నవ్వుకుని ఊరుకునేదాన్నే. కాని సభ ముగిశాక కాఫీల దగ్గర మొదలయ్యాయి ప్రశ్నలు. మావారిని అడిగినవి: "రోజుకి ఎన్ని కిలోమీటర్లు లాగించారు?" "లీటరుకి ఎంతిచ్చింది?" "ఎక్కడా పంక్చరు పడలేదా?" నన్ను అడిగినవి: "పిల్లల్ని ఎవరి దగ్గర వదిలావమ్మా?" "మీ అత్తగారికి వంటెవరు చేశారు?" "నడుం నెప్పి రాలేదూ?" ఒక పెద్దమనిషైతే చేతిలో కప్పు తిప్పుకుంటూ, "మీకేమమ్మా, హాయిగా వెనక కూర్చుని వచ్చారు!" అనేశారు.

ఆ "హాయిగా" అన్న మాటతోనే నా పేచీ.

అయ్యా, మోటారు సైకిలుకి వెనక సీటు ఎక్కడుంటుందో ఎప్పుడైనా చూశారా? దాదాపు వెనక చక్రం మీద. చక్రం గుంతలో పడితే మొదటి దెబ్బ ఎవరి నడుముకి తగులుతుందో వేరే చెప్పాలా? ముందు కూర్చున్నాయనకి గుంత కనిపిస్తుంది. కాస్త లేచి కాళ్ళమీద బరువు వేసుకుంటాడు. చేతికి హాండిలుంది, మోకాళ్ళ మధ్య పెట్రోలు టాంకుంది, కాలికింద బ్రేకుంది. నాకు కనిపించేదల్లా ఆయన హెల్మెట్ వెనక భాగం. పది రోజులు దాన్నే చూశాను. దానిమీద గీతలెన్నో కళ్ళు మూసుకుని చెప్పగలను!

మలుపులో బండి ఒక పక్కకి వాలితే దానితో పాటు నేనూ వాలాలి. భయపడి రెండో పక్కకి వంగానా, బండి నిలకడ తప్పుతుంది. ఆయన బ్రేకు వేసినప్పుడల్లా ముందుకు తూలి ఆయన మీద పడకుండా తొడలు బిగబట్టుకోవాలి. ఫోనులో దారి చూడటమూ నా పనే. కుడి భుజం తడితే కుడికి, ఎడమ భుజం తడితే ఎడమకి, వీపుమీద రెండు దెబ్బలు వేస్తే ఆగమని. సేలం ఊరి బయట నేను ఆ రెండు దెబ్బలు వెయ్యకపోతే, ఆయనగారు మధురై బదులు కోయంబత్తూరు చూసి వచ్చేవారు. సన్మానసభలో ఈ ముక్క చెప్పారా? లేదు. "దారి వెతుక్కుంటూ వెళ్ళాను" అన్నారు. ఏకవచనం!

ఇక తలకాయల సంగతి. బయలుదేరే ముందు మావారు నెల రోజులు దుకాణాలు తిరిగి, నలుగురిని సలహా అడిగి, తన తలకి సరిపోయే హెల్మెట్ కొనుక్కున్నారు. నాకో? మా మరిదిగారి అబ్బాయిది అటక మీద ఉంటే దించారు. తల ఇటు తిప్పితే అది అటే చూసేది. "నువ్వు వెనకే కదా, సర్దుకో" అన్నారు. నేను సర్దుకున్నాను కూడా! రెండో రోజు హోసూరులో నా డబ్బుతో నేను వేరేది కొనుక్కున్నాను గాని, మొదటి రోజు అనంతపురం దాకా మూడొందల యాభై కిలోమీటర్ల పైన ఆ వదులు టోపీతోనే వచ్చానని తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది.

1988 నాటి మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను నడిపేవారికీ, వెనక కూర్చున్నవారికీ హెల్మెట్ ఉండాలని చెబుతోంది. ఊరికే నెత్తిన పెట్టుకుంటే చాలదు, పట్టీ బిగించుకోవాలి కూడా. 2019లో సవరణ చేసి, నాలుగేళ్ళు దాటిన పిల్లలకీ వర్తింపజేశారు. ఆ చట్టం కింద 1989లో వచ్చిన నియమాలు ఇంకా ముందుకి వెళ్ళాయి: బండికి వెనకవారు పట్టుకోవడానికి పిడి ఉండాలి, కాళ్ళు పెట్టుకోవడానికి ఆధారం ఉండాలి, బట్టలు చుట్టుకోకుండా వెనక చక్రంలో కనీసం సగం కప్పే అడ్డు ఉండాలి. చీరకొంగు గురించి ఆలోచించడానికి చట్టానికి తీరిక దొరికింది గాని, మన ఇళ్ళలో మొగుళ్ళకి దొరకలేదు. మన వీధిలోకి ఓసారి తొంగి చూడండి. ఆయన తలమీద హెల్మెట్, ఆవిడ తలలో మల్లెపూలు. ఒక పక్కకి కూర్చుని, రెండు కాళ్ళూ ఒకవైపే వేలాడేసి, ఒళ్ళో పసిబిడ్డ, చేతిలో కూరల సంచీ. రెండు పక్కలా కాళ్ళేసి కూర్చుంటే మర్యాద కాదట! పడిపోతే మాత్రం మర్యాదేనా?

పోనీ ప్రభుత్వాలు మనవైపు ఉన్నాయా అంటే, దేశ రాజధాని ఢిల్లీలో 2014 దాకా ఆడవాళ్ళు హెల్మెట్ పెట్టుకోవడం వాళ్ళ ఇష్టానికే వదిలేశారు. ఆ యేడు సిక్కు స్త్రీలకు తప్ప తక్కినవారికి తప్పనిసరి చేశారు. అంతవరకూ ఆడవాళ్ళ పుర్రెలు గట్టివనుకున్నారో, పగిలితే పోయేదేం లేదనుకున్నారో మరి!

ఇంకో సంగతి. ఇది రాయొచ్చా అని ఆలోచించాను. మనలో మనకు దాపరికమేమిటి! ప్రయాణంలో నేను నీళ్ళు తాగడం మానేశాను. మావారికి దారి పొడుగునా చెట్లే. నేను పెట్రోలు బంకు దాకా ఆగాలి. బంకులో గదికి తాళం. తాళంచెవి ఎవరి దగ్గరో. ఎవరో భోజనానికి వెళ్ళారు! అందుకని పొద్దున్న ఒక కాఫీ, మధ్యాహ్నం రెండు గుక్కలు, అంతే. ఫలితం ఇంటికొచ్చాక తెలిసింది. నీళ్ళమంటతో డాక్టరమ్మ దగ్గరికి వెళితే ఆవిడ చీటీ రాస్తూ, "నీళ్ళు తాగకుండా తిరిగారా? మా దగ్గరికొచ్చే ఆడవాళ్ళంతా ఇంతే" అంది. మైలేజీ గురించి గంటసేపు మాట్లాడిన పెద్దమనుషుల్లో ఒక్కరికీ ఈ ప్రశ్న తట్టలేదు.

ఇప్పుడు అసలు కథ చెబుతాను. మావారు సభలో చెప్పని కథ.

వెళ్ళేటప్పుడు గుత్తి దగ్గర ఆపమని వీపుమీద రెండు దెబ్బలు వేశాను. మురారిరావు ఘోర్పడే ఏలిన కోట అది, కాలేజీలో చరిత్ర చదివిన నాటినుంచీ చూడాలని కోరిక. "ఆలస్యమవుతుంది, వచ్చేటప్పుడు చూద్దాం" అన్నారు. సరే, వచ్చేటప్పుడు పామిడి దాటి కొంత దూరం వచ్చాక బండి వంకర్లు పోవడం మొదలెట్టింది. మొదటి రాత్రినుంచీ ఒళ్ళు వెచ్చగానే ఉందట, నాకు చెప్పలేదు. రోడ్డు పక్కకి తీసి ఆపారు. దిగారు. దిగినవారు అలాగే చతికిలబడ్డారు. ఒళ్ళు కాలిపోతోంది, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

మిట్టమధ్యాహ్నం. ఒక పక్క ఆయన, ఒక పక్క దాదాపు 190 కిలోల బండి. లారీలు రయ్యిన పోతున్నాయి. ఇరవై రెండేళ్ళుగా ఆ సీటుమీద కూర్చుంటున్నాను, ఆ బండికి తాళం తిప్పడం దాటి నాకేమీ రాదు! ఎంత సిగ్గు వేసిందో, ఎంత భయం వేసిందో చెప్పలేను.

అప్పుడు పక్క దారినుంచి స్కూటీమీద పాలకాన్లు కట్టుకుని ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై అయిదేళ్ళుంటాయేమో. ఆపింది. ఆయన నుదురు చూసింది. నావైపు చూసి, "అక్కా, నీకు తోలేది రాదా?" అంది.

"రాదమ్మా" అన్నాను.

"ఇంత దూరం ఎక్కొచ్చినావు, తోలేది నేర్చుకోకుండానే వచ్చినావా!" అంది. వెటకారం కాదు, నిజంగానే ఆశ్చర్యం. వెంటనే కాన్లు విప్పి నా పక్కన పెట్టింది. "నేను సారును గుత్తి ఆసుపత్రికి దించొస్తా. నువ్వు పాలు చూస్తా ఉండు" అంది. నేను హోసూరులో కొన్న హెల్మెట్ ఆ పిల్ల తలకి పెట్టాను. మావారు జీవితంలో మొదటిసారి ఒక ఆడపిల్ల వెనక కూర్చున్నారు.

ఆ పిల్ల తిరిగొచ్చేదాకా గంటన్నర సేపు పాలకాన్లకీ మోటారు సైకిలుకీ కాపలా కాశాను. బండిని రోడ్డువార ఒక కాకా హోటలు దగ్గరికి నలుగురి చేత తోయించి, నన్నూ ఆసుపత్రిలో దించింది. డబ్బివ్వబోతే, "పాలు పగలలేదులే అక్కా" అని నవ్వి వెళ్ళిపోయింది. గుత్తి కోట మాత్రం చూశాను, ఆసుపత్రి కిటికీలోంచి!

సెలైను ఎక్కి కాస్త తేరుకున్నాక మావారు అన్న మొదటి మాట ఏమిటో తెలుసా? "వెనక కూర్చోవడం ఇంత భయంగా ఉంటుందనుకోలేదోయ్. ఆ పిల్లకి గుంత కనిపించిందో లేదో తెలీదు. చేతికి బ్రేకు లేదు. పట్టుకోవడానికి మొహమాటం."

పదిహేను కిలోమీటర్లకే! నేను రెండు వేలు దాటి ఉన్నాను అప్పటికి.

ఈ మాట సభలో చెబుతారని ఎదురుచూశాను. "గుత్తి దగ్గర కాస్త జ్వరం వచ్చింది, తట్టుకుని వచ్చేశాను" అన్నారు. చప్పట్లు. ఆ ఉపన్యాసంలో పాల అమ్మాయి లేదు. నేనెలాగూ లేను.

ముందు సీట్లో కూర్చుంటే తీరిపోతుందా ఈ బాధ? 1916లో అమెరికాలో ఆగస్టా, ఆడలిన్ వాన్ బ్యూరెన్ అనే అక్కచెల్లెళ్ళు చెరో మోటారు సైకిలు మీద ఆ దేశాన్ని ఈ తీరంనుంచి ఆ తీరానికి దాటారు. సైన్యంలో వార్తలు చేరవేసే పని ఆడవాళ్ళూ చెయ్యగలరని నిరూపించాలని వాళ్ళ పట్టుదల. మగవాళ్ళ పంట్లాములు తొడిగారని దారిలో పోలీసులు పట్టుకున్నారు. తీరా చేరాక ఆనాటి మోటారు సైకిళ్ళ పత్రిక బండిని మెచ్చుకుంది గాని వాళ్ళని మెచ్చుకోలేదు, సెలవుల షికారని తేల్చేసింది. సైన్యం ఆ పనీ ఇవ్వలేదు. నూరేళ్ళ పైమాట గదా అంటారేమో. మా కాలనీలో నిన్నటి మాట!

అయినా దారి మూసుకుపోలేదు. 2018లో మన హైదరాబాదు నుంచే జై భారతిగారి నాయకత్వాన నలుగురు స్త్రీలు మోటారు సైకిళ్ళు నడుపుకుంటూ మయన్మార్, థాయిలాండ్‌ల మీదుగా వియత్నాం దాకా వెళ్ళారు. దాదాపు 17,000 కిలోమీటర్లు. నేను గుత్తి రోడ్డుమీద పాలకాన్ల పక్కన కూర్చుని వాళ్ళనే తలుచుకున్నాను.

"మాకు వెనక కూర్చోవడమే ఇష్టమండీ" అనే చెల్లెళ్ళున్నారు. కాదనను. గాలి ముఖానికి తగులుతుంటే, ఆయన వీపుకి ఆనుకుని పొద్దున్నే పొలాలు చూసుకుంటూ పోవడం ఎంత బాగుంటుందో నాకూ తెలుసు. తిరునెల్వేలి దాటాక గాలిమరలు కనిపించినప్పుడు, పాటలు పాడుకున్నాం ఇద్దరం. కాని తల్లీ, రెండు సీట్లూ ఎక్కడం వచ్చినవాళ్ళు ఒకటి కోరుకుంటే దాన్ని ఇష్టం అంటారు. రెండోది చేతకాక కూర్చుంటే దాన్ని ఇష్టమని ఎలా అంటాం?

అందుకని నేను మావారికి షరతులు పెట్టాను. నా తలకి సరిపడే హెల్మెట్ మొదట కొన్నాకే ఆయనది కొనాలి. రోజుకి ఎక్కడ ఆగాలో సగం నేను చెబుతాను. నాకు నీళ్ళు కావాలన్నప్పుడు, ఆ తర్వాత తాళంచెవి కావాలన్నప్పుడు, వెతికి తెచ్చే పూచీ ఆయనది. ఒంట్లో బాగులేకపోతే బయలుదేరే ముందే నోరు విప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం, నాకు బండి నేర్పాలి. "ఈ వయసులోనా!" అన్నారు. "ఈ వయసులో మీరు సాహసం చెయ్యలేదూ?" అన్నాను. శాలువా కప్పుకున్న మనిషి, జవాబు చెప్పలేకపోయారు.

మా అమ్మాయి స్కూటీమీద పొద్దున్నే అయిదున్నరకి కాలనీ మైదానంలో నేర్చుకుంటున్నాను. నిన్నటికి పదకొండు రోజులు. రెండుసార్లు పడ్డాను, మోకాలు చెక్కుకుపోయింది. మావారు వెనక సీట్లో కూర్చుని, "బ్రేకు, బ్రేకు!" అని అరుస్తుంటారు. ఆయన భుజం మీదినుంచి ఎప్పుడూ చూడని రోడ్డు నాకిప్పుడు కనిపిస్తోంది.

ఈసారి మీ వీధిలో ఏ జంటైనా ఇలా దూరప్రయాణం చేసి వస్తే, ఆవిణ్ణి పిల్లల్ని ఎక్కడ వదిలావని అడక్కండి. ఏ ఊళ్ళో ఆగాలనిపించింది, ఆగనిచ్చారా అని అడగండి. జాకెట్టు గుడ్డ ఇవ్వదలుచుకుంటే ఇవ్వండి, వద్దనను. నాకిచ్చింది మా స్కూటీ అద్దాలు తుడుచుకోవడానికి బాగానే పనికొస్తోంది.