తప్పు ఎవరి ఖాతాలో?

సూరత్ నగరంలో లింబాయత్ వైపు వెళ్ళిన వారికి తెలుగు మాట వినబడడం వింత కాదు. తెలంగాణ జిల్లాల నుండి మగ్గాన్ని నమ్ముకుని వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఆ నగరంలో ఎన్నో స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ వారి పిల్లల కోసం తెలుగు మాధ్యమంలో పాఠశాలలు సైతం నడుపుతున్నది. అట్టి ఒక ఇంట, ఒకానొక ఆదివారం నాడు, పధ్నాలుగేళ్ళ కుర్రవాడు తన సెల్‌ఫోను తెచ్చి నా చేతిలో పెట్టాడు.

“సార్, ఎర్రర్ అని వచ్చింది. ఫోన్ ఖరాబైందా?”

ఫోనుకు ఏమీ కాలేదు. అతడు ఆడుతున్నది అమెరికా వారి బేస్‌బాల్ వీడియో ఆట. బంతి బాణంలా దూసుకువచ్చి ‘షార్ట్‌స్టాప్’ అనే ఆటగాడి చేతి తొడుగును తాకి పక్కకు ఎగిరిపోయింది. తెరమీద ‘ఇ–6’ అని వెలిగింది. ‘ఇ’ అంటే ఎర్రర్. ఆరు అనేది ఆ స్థానానికి స్కోరు పుస్తకంలో ఉన్న సంఖ్య. యంత్రం తన దోషాన్ని ఒప్పుకోలేదు, ఆటగాడిమీద మోపింది.

అనువాదం నా వృత్తి గనుక ఆ పదానికి తెలుగు చెప్పబోయి తడబడ్డాను. తప్పు, పొరపాటు, లోపం, దోషం—మనకు మాటలకు కొదవ లేదు. కాని వీటిలో ఏది వాడినా ఒక తీర్పు అందులో ఇమిడి ఉంటుంది. బేస్‌బాల్‌లో ఆ తీర్పు చెప్పడానికే ఒక మనిషిని నియమిస్తారు. అతడే అధికారిక స్కోరర్.

మన క్రికెట్‌లో స్కోరర్ పని వేరు. అంపైరు సంజ్ఞ చేస్తాడు; స్కోరర్ చేయెత్తి అందుకున్నట్లు తెలిపి రాసుకుంటాడు. ఫీల్డరు తప్పులకు ప్రత్యేకంగా గడి లేదు. 2019 సెప్టెంబరు 24న ఇదే సూరత్‌లోని లాల్‌భాయి కాంట్రాక్టర్ మైదానంలో దక్షిణాఫ్రికా మహిళలపై దీప్తి శర్మ బౌలింగు నాలుగు అంకెలలో నిలిచిపోయింది: 4 ఓవర్లు, 3 మెయిడెన్లు, 8 పరుగులు, 3 వికెట్లు. ఆమె బంతులకు ఎవరైనా క్యాచ్ జారవిడిచారా లేదా అన్నది ఆ అంకెలు చెప్పవు. అంపైరు పొరబడినా స్కోరర్ అదే రాయవలసి ఉంటుంది. 2019 జులై 14న లార్డ్స్‌లో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్ చివరి ఓవరులో, విసిరిన బంతి బెన్ స్టోక్స్ బ్యాటుకు తగిలి హద్దు దాటింది. బంతి విసిరే వేళకు బ్యాటర్లు రెండవ పరుగులో ఒకరినొకరు దాటలేదు గనుక రావలసినవి 5 పరుగులు. అంపైర్లు ఇచ్చినవి 6. అది పొరపాటేనని అంపైరు కుమార ధర్మసేన తరువాత అంగీకరించాడు. స్కోరు పుస్తకంలో మాత్రం ఆరే ఉన్నది.

బేస్‌బాల్ స్కోరర్ కేవలం లేఖకుడు కాడు, న్యాయనిర్ణేత కూడా. కొట్టిన బంతి ఫీల్డరుకు చిక్కక బ్యాటర్ క్షేమంగా చేరుకుంటే, అది బ్యాటర్ ప్రతిభా, ఫీల్డరు దోషమా అన్నది అతడే నిర్ణయించాలి. మొదటిదైతే ‘హిట్’, రెండవదైతే ‘ఎర్రర్’. ఆ ఒక్క అక్షరం ముగ్గురి లెక్కలను మార్చివేస్తుంది. హిట్ అయితే బ్యాటర్ సగటు పెరుగుతుంది. ఎర్రర్ అయితే ఫీల్డరు పేరున మచ్చ పడుతుంది. ఎర్రర్ మూలాన వచ్చిన పరుగులు బంతి విసిరిన పిచర్ సగటులో చేరవు.

ఇందుకు నిబంధనలు ఇచ్చిన కొలబద్ద ‘సాధారణ ప్రయత్నం’. ఆ స్థాయి పోటీలలో, ఆ స్థానంలో, సగటు నైపుణ్యం గలవాడు చేయగలిగినదే సాధారణ ప్రయత్నం. నేల ఎలా ఉంది, వాతావరణం ఎలా ఉంది అన్నది కూడా చూడాలి. బంతి పట్టజాలనంత వేగంగా వచ్చినా, అసహజంగా ఎగిరినా అది హిట్. సందేహం కలిగితే బ్యాటర్ పక్షమే వహించాలి. ఫీల్డరు బంతిని తాకకపోయినా, సులభంగా పట్టగలిగినదైతే ఎర్రర్ రాయవచ్చు. ఆట ముగిసిన 24 గంటల వరకు స్కోరర్ తన నిర్ణయాన్ని మార్చుకోవచ్చు. అటుపైన ఆటగాడు పైవారికి విన్నవించుకొనే వీలూ ఉన్నది.

వీడియో ఆటలో ఈ పని ప్రోగ్రాము చేయాలి. దానికి కొలవదగిన గుర్తులు కావాలి: బంతి తొడుగును తాకిందా, విసిరిన బంతి గురి తప్పిందా. కాని ‘సాధారణం’ అన్నది ఒక్క గుర్తుకు లొంగేది కాదు. కుర్రవాడి ఆటలో జరిగినది అదే. అంత ఉధృతంగా వచ్చిన బంతిని మనిషి స్కోరర్ చూసి ఉంటే బహుశా హిట్ అని రాసేవాడు. యంత్రం తాకిడిని చూసింది, వేగాన్ని లెక్కలోకి తీసుకోలేదు. చెప్పుకుందామంటే ఆ తెరమీద అందుకు చోటు లేదు.

మనుషులు పొరబడరని కాదు. 1930లో షికాగో కబ్స్ ఆటగాడు హాక్ విల్సన్ తన బ్యాటుతో జట్టుకు చేకూర్చిన పరుగులు 190 అని రికార్డులలో ఉండేది. వాటిలో ఒక పరుగు చార్లీ గ్రిమ్ అనే సహచరుని పేరున పడిందని పరిశోధకులు తేల్చగా, 1999లో దానిని 191గా సవరించారు. విల్సన్ 1948లోనే మరణించాడు. 1910 నాటి లెక్కలలో టై కాబ్ ఆడిన ఒక ఆట రెండుసార్లు నమోదైనట్లు 1981లో బయటపడింది. ఆ ఏటి అగ్రస్థానం నాప్ లాజోయికి దక్కవలసి ఉన్నదన్నమాట. అయినా కమిషనర్ బోవీ కూన్ మార్పుకు అంగీకరించలేదు.

ఇవి కూడికలో, నమోదులో దొర్లిన తప్పులు. వీటిని యంత్రం చేయదు. ఒక పరుగును పక్కవాడి పేరున రాయదు, ఒకే ఆటను రెండుమార్లు లెక్కించదు. యంత్రం తడబడేది తీర్పు దగ్గర. విల్సన్‌కు ఆ ఒక్క పరుగు తిరిగి దక్కిందంటే, పాత కాగితాలు భద్రంగా ఉండడం, వాటిని మళ్ళీ చూడడానికి ఎవరో పూనుకోవడం, పైవారు వినడం—ఈ మూడూ కలిసివచ్చాయి.

ఇదంతా చెబుతూంటే కుర్రవాడి తండ్రి మౌనంగా వింటున్నాడు. సాంచాలమీద గుడ్డ నేసే మనిషి. మీటరుకు ఇంత అని అతని కూలి. చివరకు ఆయన అన్నాడు: “మా తానన్ల పోగు తెగి మచ్చ పడ్డదంటే పైసలు కోస్తరు సార్. నూలు మంచిది గాదా, సాంచ పాతదా అని ఎవ్వరు అడుగరు. నేసినోని పేరు మీదనే రాస్తరు.”

గుడ్డలో మచ్చ ఉన్నమాట నిజం. దానిని గుర్తించడం కష్టమూ కాదు. ఆ నూలుతో, ఆ సాంచమీద, సాధారణమైన ప్రయత్నం చేసే నేతగాడు ఆ మచ్చ పడకుండా నేయగలిగేవాడా అన్న ప్రశ్న మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. బేస్‌బాల్ ఆటగాడికి నిబంధనలు ఇచ్చిన ఆ పాటి విచారణ, 24 గంటల గడువు, పైవారికి విన్నపం, పొట్టకూటికి నేసేవానికి లేవు. రేపు ఆ మచ్చను యంత్రమే పసిగట్టవచ్చు. అడగవలసిన ప్రశ్న అప్పుడూ అదే.

కుర్రవాడు ఫోను తీసుకుని మళ్ళీ ఆటలో పడ్డాడు. కొంతసేపటికి తలెత్తి అడిగాడు: “అయితే సార్, ఎర్రర్ అంటే తెలుగుల ఏమనాలె?”

“ఎవరు రాశారో చూసి చెప్పాలి” అన్నాను.