మూత్రపిండ కణం మీద మెదడు తలుపు

20 ఏళ్లు దాటిన యువతి. నాలుగు రోజులు జ్వరం, తలనొప్పి. ఆపైన నిద్ర పట్టదు. ఎవరో తనను వెంటాడుతున్నారంటుంది. లేని మాటలు వినిపిస్తున్నాయంటుంది. మరికొన్నాళ్లకు మాట పడిపోతుంది, మూతీ నాలుకా చేతులూ వాటంతటవే కదులుతుంటాయి, మూర్ఛలు వస్తాయి. చివరకు ఊపిరి సైతం యంత్రసహాయంతో తీయవలసి వస్తుంది. ఇటువంటివారిని ఏ దేశంలోనైనా మొదట తీసుకుపోయేది మానసిక వైద్యుని వద్దకే. మన దేశంలో భూతవైద్యుని గడప తొక్కించటమూ కద్దు.

ఈ వ్యాధికి ఒక పేరంటూ ఏర్పడింది 2007లో. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో అప్పట్లో పనిచేస్తుండిన నాడీవైద్యుడు జోసెప్ దాల్మావ్, ఆయన సహచరులు 12 మంది స్త్రీల రక్తాన్నీ, వెన్నుపాము ద్రవాన్నీ పరిశీలించారు. వీరిలో అత్యధికుల అండాశయాలలో టెరటోమా అనే కణితి ఉంది. ఈ జాతి కణితులలో వెంట్రుకలూ పళ్లూ కూడా కనిపించటం వైద్యులెరిగిన వింతే; నాడీకణజాలమూ ఉండవచ్చు. ఆ కణజాలాన్ని పరాయిదిగా భావించి శరీరం తయారుచేసుకున్న ప్రతిరక్షకాలు మెదడులో దానిని పోలిన పదార్థం మీద పడుతున్నాయి.

ఆ పదార్థం ఎన్.ఎం.డి.ఎ. గ్రాహకం. ఇది నాడీకణపు పొరలో ఇమిడి ఉండే మాంసకృత్తి. జ్ఞాపకశక్తికి ఎంతో ముఖ్యమైనది. గ్లూటమేట్ వంటి రసాయనాలు వచ్చి తగిలినప్పుడు తలుపులా తెరుచుకొని కాల్షియాన్ని లోనికి పంపుతుంది.

నేరస్థుడు ఇతడేనని రుజువు చేయటం మాత్రం అంత తేలిక కాదు. కణద్రవంలో తేలియాడే మాంసకృత్తులను వేరుచేసి పరీక్షించటం కొంత నయం. పొరలోని మాంసకృత్తుల సంగతి అలా కాదు. పొర కొవ్వుతో నిర్మితమైనది. గ్రాహకంలో కొంత భాగం ఆ కొవ్వులో మునిగి ఉంటుంది, కొంత కణం వెలుపల, కొంత లోపల. సబ్బు వంటి పదార్థాలతో పొరను కరిగించి గ్రాహకాన్ని బయటికి లాగితే దాని మడతలు విడిపోవచ్చు. ఈ రోగుల ప్రతిరక్షకాలు గుర్తుపట్టేదేమో ఆ మడతల వల్ల ఏర్పడిన ఆకారాన్ని! దారం అంతా చేతిలోనే ఉన్నా, ముడి విప్పిన తర్వాత ముడి ఎక్కడుంది?

అందుచేత గ్రాహకాన్ని పొరలోంచి తీయటం మాని, మరొక కణపు పొరలో పుట్టించారు. గ్రాహకాన్ని తయారుచేసే జన్యువులను వలయాకారపు డి.ఎన్.ఏ.లో అతికించి, ప్రయోగశాలలో పెరిగే 293 అనే మానవ కణాలలో ప్రవేశపెట్టారు. ఈ కణాల వంశానికి ఒక చరిత్ర ఉన్నది. 1973లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో ఫ్రాంక్ గ్రాహం అనే శాస్త్రజ్ఞుడు మానవ పిండపు మూత్రపిండ కణాలలో అడినోవైరస్ డి.ఎన్.ఏ.ను చొప్పించి వీటిని సాధించాడు. 293 అన్నది ఆయన ప్రయోగపు వరుస సంఖ్య మాత్రమే.

మెదడు జన్యువు అందిన మూత్రపిండ కణం ఆ గ్రాహకాన్ని తయారుచేసి, సహజమైన మడతలతో తన పొరలో నిలుపుకుంటుంది. దానిపై రోగి వెన్నుపాము ద్రవాన్ని పోసి, అంటుకున్న ప్రతిరక్షకాలకు వెలుగునిచ్చే రంగు పట్టిస్తారు. జన్యువు అందిన కణాలు మెరిసి, అందనివి చీకటిగా ఉండిపోతే ఇక సందేహం లేదు. ఇందులో ఒక చిక్కు లేకపోలేదు. గ్రాహకపు భాగాలన్నీ సమకూడి తలుపు నిజంగానే తెరుచుకుంటే కాల్షియం వరదలా వచ్చి ఆ కణాన్నే చంపుతుంది. అందుకని మత్తుమందైన కెటమిన్‌ను పోషకద్రవంలో కలిపి తలుపు మూసి ఉంచుతారు. ఇదే కెటమిన్ మనుషులకిస్తే లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి. ఈ రోగుల మొదటి లక్షణాలూ అటువంటివే కావటం గమనార్హం.

2010లో మరొక మంచి వార్త వెలువడింది. ప్రతిరక్షకాలు నాడీకణాన్ని చంపటం లేదు. గ్రాహకాలను పొర మీది నుంచి లోపలికి లాగుకొనేటట్లు చేస్తున్నాయంతే. ప్రతిరక్షకాలను తొలగిస్తే గ్రాహకాలు తిరిగి పైకి వస్తున్నాయి. కణితి ఉంటే తీసివేయటం, స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇవ్వటం, రక్తంలోని ప్లాస్మాను మార్చటం వంటి చికిత్సలకు ఫలితం కనిపించేది ఇందువల్లనే. 2008లో దాల్మావ్ బృందం ప్రచురించిన 100 మంది రోగుల వివరాలలో 75 మంది పూర్తిగానో, స్వల్పలోపాలతోనో కోలుకున్నారు. మిగిలిన 25 మందిలో కొందరు మరణించారు, కొందరికి తీవ్రలోపాలు మిగిలాయి. కణితి లేనివారికీ, పసిపిల్లలకూ, పురుషులకూ కూడా ఈ జబ్బు రావచ్చునని తర్వాత తేలింది. బెంగళూరు నిమ్హాన్స్‌తో సహా మన దేశపు వైద్యులూ ఇటువంటి రోగులను గుర్తించి చికిత్స చేశారు.

జంతువులూ దీనికి మినహాయింపు కావు. 2011 మార్చిలో బెర్లిన్ జంతుప్రదర్శనశాలలో క్నూట్ అనే నాలుగేళ్ల ధ్రువపు ఎలుగుబంటి సందర్శకులు చూస్తుండగానే మూర్ఛతో కొలనులో పడి చనిపోయింది. దానికి వచ్చినదీ ఇదే వ్యాధి అని 2015లో వెల్లడైంది.

పరీక్షకు రక్తం చాలునా అంటే చాలదు. 250 మంది రోగుల నమూనాలతో 2014లో ప్రచురించిన పరిశోధనలో వెన్నుపాము ద్రవంలో అందరికీ ప్రతిరక్షకాలు కనిపించాయి. రక్తంలో 214 మందికే. రక్తాన్ని మాత్రమే చూసి ఉంటే తక్కిన 36 మందికీ ఈ జబ్బు లేదని చెప్పి పంపివేసేవారు.