ఇంజిన్ సరే.. గేర్‌బాక్స్ సంగతేంటి?

పాత కారుకి కొత్త ఇంజిన్ వేయాలనుకునే వాళ్లని కదిపి చూడండి. హార్స్‌పవర్ గురించి అరగంట ఆపకుండా మాట్లాడతారు. 'మరి గేర్‌బాక్స్ ఏది?' అంటే మాత్రం 'అది తర్వాత చూద్దాంలే' అంటారు. కానీ ఆ కారు వారం వారం రోడ్డెక్కుతుందా, కవర్ కప్పుకుని షెడ్డులో కూర్చుంటుందా అన్నది తేల్చేది ఆ 'తర్వాత' చూద్దామనుకున్న గేర్‌బాక్సే.

డాలస్‌లో ఉండే మా బావ 1969 షెవ్రోలే కమారో కొన్నాడు. పగలు డేటాబేస్‌లు, రాత్రి గ్యారేజ్. దానికి ఎల్‌ఎస్3 ఇంజిన్ వేయాలన్నది ప్లాన్. 2008 కార్వెట్‌తో వచ్చిన 6.2 లీటర్ల వీ8 అది, 430 హార్స్‌పవర్. ఇంజిన్ విషయంలో బావకి డౌట్ లేదు. ఆటోమేటిక్కా, మాన్యువలా అన్న దగ్గరే ఆగిపోయాడు. మా అక్క మాత్రం ఒక్కటే కండిషన్ పెట్టింది. పిల్లల్ని ఎక్కించుకుని ఆస్టిన్ దాకా వెళ్లి రావాలి, దిగేసరికి తలనొప్పి రాకూడదు.

ఆ కండిషన్‌లోనే సగం జవాబు ఉంది. ఎలాగో చూద్దాం.

హైవే లెక్క

టైరు ఎత్తు 26 అంగుళాలు, వెనక క్రౌన్ పినియన్ రేషియో 3.73 అనుకుందాం. స్పీడు గంటకి 70 మైళ్లు, అంటే మన లెక్కలో 112 కిలోమీటర్లు. ఆ రోజుల్లో కమారోకి వచ్చిన టర్బో 350 ఆటోమేటిక్‌కి ఉన్నవి మూడే గేర్లు, ఆఖరిది 1:1. అంటే ఇంజిన్ దాదాపు 3,370 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతూనే ఉండాలి. ఆస్టిన్ దాకా మూడు గంటలు అదే మోత.

అదే కారుకి 4ఎల్60ఇ ఆటోమేటిక్ వేస్తే? దాని నాలుగో గేరు 0.70. ఇంజిన్ 2,360 ఆర్‌పీఎంకి దిగిపోతుంది. ఆరు గేర్ల టీ56 మ్యాగ్నమ్ మాన్యువల్‌లో ఆరో గేరు 0.63, కాబట్టి 2,125 చాలు. ఇంజిన్ ఒక చుట్టు తిరిగేలోపు ప్రొపెల్లర్ షాఫ్ట్ ఒకటికి మించి తిరిగే ఇలాంటి గేరునే ఓవర్‌డ్రైవ్ అంటారు.

'పాత గేర్‌బాక్సే ఉంచి, క్రౌన్ పినియన్‌ని 3.08కి మార్చేస్తే పోలా?' అని బావ అడిగాడు. మార్చొచ్చు. హైవేలో 2,790కి దిగుతుంది. కానీ ఫస్ట్ గేరులో లాగుడు పోతుంది. టర్బో 350 ఫస్ట్ గేరు 2.52 కాబట్టి, రెండూ గుణిస్తే 9.4 ఉన్నది 7.8 అవుతుంది. 4ఎల్60ఇ ఫస్ట్ గేరు 3.06, దానికి 3.73 తోడైతే 11.4. సిగ్నల్ దగ్గర లాగుడూ దక్కుతుంది, హైవేలో ప్రశాంతతా దక్కుతుంది.

రేకు కోస్తే మళ్లీ రాదు

ముందు సీట్ల మధ్య ఉబ్బెత్తుగా ఉండే టన్నెల్ 1969 నాటి గేర్‌బాక్స్‌ల సైజుకి తగ్గట్టు చేసింది. టీ56 మ్యాగ్నమ్ ఒళ్లు పెద్దది. అది పట్టాలంటే ఈ కారులో టన్నెల్ కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేయాలి. ఇంజిన్ నచ్చకపోతే దించేయొచ్చు. కోసిన ఒరిజినల్ బాడీని మాత్రం వెనక్కి తెచ్చుకోలేం. ఈ బాధ తెలిసే ట్రెమెక్ కంపెనీ 2020లో టీకేఎక్స్ అనే ఐదు గేర్ల మాన్యువల్ తెచ్చింది. పాత కార్ల టన్నెల్‌లో వీలైనంత తక్కువ కోతతో పట్టేలా దాన్ని చేశారు. 600 పౌండ్-ఫుట్ టార్క్ దాకా తట్టుకుంటుంది. ఎల్‌ఎస్3 ఇచ్చేది 424. ఇబ్బందే లేదు.

వెర్షన్ కలవాలి

ఇది మన సాఫ్ట్‌వేర్ వాళ్లకి చెప్పక్కర్లేదు. 4ఎల్60ఇలో చివరి 'ఇ' అంటే ఎలక్ట్రానిక్. కంట్రోలర్, వైరింగ్ లేకపోతే అది ఉత్త ఇనుప ముద్ద. 1982 నాటి 700ఆర్4కి ఆ గొడవ లేదు, కానీ దానికి థ్రాటిల్ నుంచి ఒక కేబుల్ రావాలి. ఎల్‌ఎస్3లో థ్రాటిల్ నడిచేది వైరుతో. ఏపీఐ కలవని పాత లైబ్రరీ లాంటిదన్నమాట. అడాప్టర్లు దొరుకుతాయి, సెట్టింగ్ తప్పితే మాత్రం గేర్‌బాక్స్ కాలిపోతుంది. ఇంకోటి, మామూలు 4ఎల్60ఇకి ఎల్‌ఎస్3 టార్క్ కాస్త ఎక్కువే. దాని గట్టి వెర్షన్లు 4ఎల్65ఇ, 4ఎల్70ఇ ఉన్నాయి.

ధర చూసేటప్పుడు గేర్‌బాక్స్ ఒక్కదాని రేటు చూసి మురిసిపోకండి. మాన్యువల్‌కైతే క్లచ్, పెడల్, బెల్ హౌసింగ్. ఆటోమేటిక్‌కైతే టార్క్ కన్వర్టర్, కూలర్, కంట్రోలర్. దేనికైనా ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు, కింద క్రాస్‌మెంబర్, స్పీడోమీటర్ కనెక్షన్ చూసుకోవాల్సిందే.

ఇంతకీ బావ ఏది తీసుకున్నాడు? మనసు టీకేఎక్స్ మీదే ఉంది. కానీ అక్క డ్రైవింగ్ నేర్చుకున్నది అమెరికాలో, ఆటోమేటిక్ మీద. 'మాన్యువల్ పెడితే అది నీ కారు. ఆటోమేటిక్ పెడితే మన కారు' అంది. 4ఎల్70ఇ ఆర్డర్ అయ్యింది. ఇంట్లో ఎవరెవరు నడుపుతారన్నది కూడా ఒక స్పెసిఫికేషనే మరి!

'అమెరికా గోల మనకెందుకు?' అంటారా? మన అంబాసిడర్‌కి ఇదే పని కంపెనీయే చేసింది. 1990ల్లో ఇసుజు 1.8 లీటర్ల ఇంజిన్ పెట్టినప్పుడు పాత నాలుగు గేర్ల బాక్స్‌ని అలాగే వదిలేయలేదు, ఐదు గేర్లది ఇచ్చింది. స్టీరింగ్ పక్కనుండే గేరు రాడ్డు కిందకి దిగింది. ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ ఒక జతగా చూశారన్నమాట.

మీ తాతగారి అంబాసిడర్ మీద మీకూ ఇలాంటి కన్నుంటే ఒక మాట. మన దగ్గర మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2021లో వచ్చిన వింటేజ్ రూల్స్ ప్రకారం 50 ఏళ్లు దాటిన కారుకి ఆ హోదా కావాలంటే చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. కాబట్టి స్పానర్ పట్టేముందు ఆర్టీఓ ఆఫీసుకి వెళ్లండి. ఆ తర్వాత కాగితం తీసి మూడు ముక్కలు రాసుకోండి. ఏ రోడ్డు మీద తిప్పుతారు? ఎవరు నడుపుతారు? ఏది కోయడానికి మీకు మనసొప్పదు? ఈ మూడూ తేలాకే ఇంజిన్ కోసం వెతకండి.