తాళం తీసేవాడికి ఊళ్లో చోటేదీ?

విజయవాడలో పంక్చరు వేసే మనిషి ఏ మలుపులో అడిగినా దొరుకుతాడు. రాత్రి పదింటికైనా బండిలో పెట్రోలు పోయించుకోవచ్చు. తాళంచెవి తాళంలోనే విరిగిపోయిందంటే మాత్రం ఎవరిని పిలవాలో చదువుకున్నవాళ్లకు కూడా తోచదు. స్టాండులో కుర్రాడు పగలగొట్టించేయమంటాడు. పక్కనున్నాయన స్క్రూడ్రైవరు తెస్తాడు. ఇంకొకాయన విరిగిన ముక్కకు ఫెవిక్విక్ రాసి అతికించి లాగమంటాడు. ముగ్గురూ సాయం చేద్దామనే వస్తారు, ముగ్గురి సలహాతోనూ తాళం పాడవుతుంది. తాళం తెలిసిన మనిషి ఆ పక్క వీధిలోనే, ఏ కరెంటు స్తంభం కిందో గొడుగేసుకుని కూర్చుని ఉంటాడు. నిన్న కూర్చున్న చోట ఇవాళ కూర్చోనివ్వం కాబట్టి అతను ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. అతనికి స్థిరమైన చోటు, గుర్తింపు ఇవ్వాలన్నదే నా వాదన.

నేను ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. రెండేళ్ల ఆ కోర్సులో పిల్లవాడి చేతికి మొదట్లోనే ఇచ్చే పనిముట్టు ఆకురాయి. ఇనప ముక్కను వైస్‌లో బిగించి, మూలమట్టం పెడితే వెలుతురు కనిపించనంత చదునుగా రాయడం వారాల తరబడి నేర్పిస్తాం. ఆ చేతిపని ఎంత కష్టమో నాకు తెలుసు. కొలత పరికరమేదీ లేకుండా, ఎర్రటి ఎండలో, కంటిచూపుతో తాళంచెవికి గాట్లు రాసే మనిషి నా లెక్కలో మంచి ఫిట్టరు.

అసలు చెవి ఎందుకు విరుగుతుంది? మనం వాడే బల్లపరుపు తాళంచెవి 1860ల్లో అమెరికాలో లైనస్ యేల్ జూనియర్ పేటెంట్లు తీసుకున్న తాళంతో ప్రచారంలోకి వచ్చింది. ఆ తాళంలో స్ప్రింగుల మీద నిలిచిన చిన్న పిన్నులుంటాయి. మన బండ్ల తాళాల్లో ఎక్కువగా పిన్నుల బదులు పల్చటి పలకలుంటాయి. చెవి మీది ఒక్కో గాటు ఒక్కో పలకను సరైన ఎత్తులో నిలబెడితేనే లోపలి కడ్డీ తిరుగుతుంది. అంటే తాళం పనిచేయాలంటే చెవికి గాట్లు పడాల్సిందే. లోతైన గాటు పడిన చోటే లోహం సన్నబడుతుంది. మెలితిప్పే బలమంతా అక్కడే పడుతుంది, అక్కడే చెవి విరుగుతుంది.

దానికి మన అలవాట్లు తోడవుతాయి. వానలో, దుమ్ములో నిలబెట్టిన బండి తాళంలో మట్టి చేరి గట్టిపడుతుంది. తాళం బిగిసిందని కొబ్బరినూనె పోస్తాం. ఆ నూనె చిక్కబడి ఇంకా దుమ్మును పట్టుకుంటుంది. చేయాల్సిందల్లా పెన్సిల్ ముల్లును మెత్తగా గీకి, ఆ గ్రాఫైట్ పొడిని చెవికి రాసి రెండు మూడుసార్లు లోపలికీ బయటికీ ఆడించడం. పైగా అసలు చెవి బీరువాలో పెట్టి, నాసిరకం జింకు మిశ్రమంతో పోత పోసిన డూప్లికేటును రోజూ వాడతాం. దానితోనే పార్సిలు టేపు కోస్తాం, డబ్బా మూత లేపుతాం. గాటు దగ్గర వెంట్రుకంత బీట కనిపించిన రోజే ఆ చెవిని పక్కన పెట్టాలి.

మొన్నటి వానాకాలంలో ఒక ఆసుపత్రి పార్కింగులో చూసింది చెబుతాను. రాత్రి డ్యూటీ దిగిన నర్సమ్మాయి హ్యాండిల్ లాక్ తీయబోతే చెవి సగం తిరిగి విరిగింది. పిడి చేతిలో, ముక్క తాళంలో. ఇంటి దగ్గర పాలు తాగే బిడ్డ ఉందని ఆ అమ్మాయి ఆదుర్దా. ఎవరో అప్పటికే గ్రైండర్ తెస్తానని బయలుదేరారు. నేను ఆపి, గవర్నరుపేటలో నాకు తెలిసిన తాళాలాయనకు ఫోన్ చేశాను. ఆయన పాత సైకిలు మీద చెక్కపెట్టె కట్టుకుని వచ్చాడు. పెట్టె దించకుండానే అడిగిన మొదటి మాట, "అమ్మా, బండి నీదేనా? ఆర్సీ చూపించు తల్లీ." ఆ అమ్మాయి ఫోన్లో డిజీలాకర్ తెరిచి చూపించింది. బండి నంబరు, పేరు సరిచూసుకున్నాకే ఆయన టార్చి వేశాడు.

ముందు ముక్కను లాగలేదు. సన్నటి స్క్రూడ్రైవరుతో తాళాన్ని మెల్లగా వెనక్కి తిప్పి లాక్ గుర్తు దగ్గర నిలబెట్టాడు. చెవి ఏ స్థానంలో లోపలికి వెళుతుందో ఆ స్థానంలోనే బయటికి వస్తుంది, మధ్యలో ఉండగా లాగితే పలకలు పట్టేస్తాయి. తర్వాత పల్చటి నూనె ఒక చుక్క వేశాడు. అరగదీసి సన్నం చేసుకున్న హాక్సా బ్లేడు ముక్కను, పళ్లు తనవైపు తిరిగి ఉండేలా, గాట్లున్న అంచు వెంట జార్చాడు. పళ్లు ముక్కకు తగులుకోగానే నెమ్మదిగా లాగాడు. మొదటిసారి జారింది. రెండోవైపు నుంచి ఇంకో బ్లేడు పెట్టి రెంటినీ కలిపి లాగితే ముక్క బయటపడింది. ఆ ముక్కనూ, అమ్మాయి చేతిలోని పిడినీ కొత్త ఇత్తడి చెవి పక్కన చేతివైసులో బిగించి, ఆకురాయితో గాటు తర్వాత గాటు దింపాడు. అరగంటలో బండి కదిలింది. ఆయన తీసుకున్నది 250 రూపాయలు. లాక్ సెట్ మొత్తం మార్చాలంటే ఇగ్నిషన్, సీటు, పెట్రోలు మూత అన్నీ మార్చాలి. అందుకయ్యే ఖర్చు, పోయే పనిరోజు లెక్కేసుకుంటే ఆ అరగంట విలువ తెలుస్తుంది.

ఆ ఉదయం గ్రైండరే వచ్చి ఉంటే? చైను తాళమో కేబుల్ తాళమో బిగిసిపోయి, చెవి ముక్క ఎంతకీ రాకపోతే కోయక తప్పని సందర్భాలుంటాయి, కాదనను. కేబుల్‌ను పెద్ద కట్టర్‌తో తెంపొచ్చు. గట్టిపరిచిన ఉక్కు కొక్కెం మీద హాక్సా జారిపోతుంది, అప్పుడు గ్రైండర్ వాడాల్సిందే. కానీ దాని నిప్పురవ్వలు మీటరు దాటి ఎగురుతాయి. పక్కనే పెట్రోలు ట్యాంకు, రబ్బరు గొట్టాలు, ఇంకా పది బండ్లు. తడి గోనెపట్టా కప్పకుండా, కళ్లద్దాలు లేకుండా, వరుస మధ్యలో నిలబెట్టి కోయడం నేరమంత నిర్లక్ష్యం. వర్క్‌షాపులో కళ్లద్దాలు పెట్టుకోని పిల్లవాణ్ణి నేను యంత్రం దగ్గరికి రానిచ్చేవాణ్ణి కాదు. కంట్లో పడిన ఇనప రజను చూపునే తీసుకుపోతుంది. ఆ జాగ్రత్త రోడ్డు మీద కోసేవాడికీ వర్తిస్తుంది.

ఇంత పనితనం ఉన్న మనిషి పరిస్థితి ఏమిటి? ట్రాఫిక్ డ్రైవ్ జరిగిన ప్రతిసారీ పెట్టె ఎత్తుకుని పరిగెత్తాలి. దగ్గరలో దొంగతనం జరిగితే ముందు అతన్నే ప్రశ్నిస్తారు. ఈ వృత్తిలో సిక్లిగర్ సిక్కు కుటుంబాలవారు చాలా పట్టణాల్లో కనిపిస్తారు. ఒకప్పుడు ఆయుధాలు చేసి, పదునుపెట్టిన వంశాలవి. మన ముస్లిం కుటుంబాల్లోనూ తండ్రి నుంచి కొడుకుకు ఈ పని వస్తోంది. తరాల నైపుణ్యం మీద తరాల అనుమానం మోయిస్తున్నాం.

చట్టం మాత్రం వీళ్లను మరిచిపోలేదు. 2014లో వచ్చిన వీధి విక్రేతల చట్టం సరుకు అమ్మేవాళ్లకే పరిమితం కాదు, వీధిలో సేవలందించేవాళ్లూ దాని కిందికి వస్తారు. టౌన్ వెండింగ్ కమిటీ కనీసం అయిదేళ్లకోసారి సర్వే చేయాలి, అందులో వచ్చినవారికి ధ్రువపత్రమిచ్చి చోటు చూపాలి. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో తాళాల పని ఒకటి. గుర్తింపు కార్డు, శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల రుణం దాని కింద ఉన్నాయి. నా ఎరుకలోని తాళాలవాళ్లలో చాలామందికి ఈ సంగతులు ఎవరూ చెప్పలేదు. సర్వేకు వెళ్లినవాళ్ల కంటికి పండ్లబండి ఆనినంతగా చిన్న చెక్కపెట్టె ఆనదు.

అధికారికంగా చోటిస్తే దొంగలకు పని సులువవుతుందని కొందరి భయం. ఆ భయాన్ని కొట్టిపారేయను, సమాధానం చెబుతాను. బండి ఎత్తుకుపోయేవాడు హ్యాండిల్‌ను బలంగా తిప్పి లాక్ విరగ్గొడతాడు. పట్టపగలు ఆర్సీ అడిగే మనిషి ముందుకు వచ్చి కూర్చోడు. రిజిస్టరు లేని, చిరునామా లేని పద్ధతే మోసానికి అనుకూలం. కార్డున్న మనిషి, బండి నంబరూ యజమాని సంతకమూ రాసిన పుస్తకం ఉంటే పోలీసులకే మేలు. బండి సొంతమని నిరూపించుకునే అవకాశం నిజమైన యజమానికీ దొరుకుతుంది. చెవి విరిగి, సైకిలు వెనకచక్రం ఎత్తిపట్టుకుని నడిపించుకెళ్లే కాలేజీ పిల్లవాణ్ణి దారిలో పదిమంది నిలదీస్తారు. స్టాండులోనే తాళం తీసే మనిషి ఉంటే ఆ పిల్లవాడికి ఆ అవమానం ఉండదు.

కాబట్టి మున్సిపల్ కమిషనర్లను, టౌన్ వెండింగ్ కమిటీలను సూటిగా అడుగుతున్నాను. రాబోయే సర్వేలో తాళాలవాళ్లను పేరుపేరునా నమోదు చేయండి. బస్టాండు, రైల్వే స్టేషన్, పెద్దాసుపత్రి పార్కింగులకు టెండరు పిలిచేటప్పుడు ఆరడుగుల చోటు ఈ పనికి కేటాయించాలని షరతు పెట్టేలా చూడండి. అక్కడ అతని ఫోన్ నంబరున్న బోర్డు తగిలించండి. చిప్ ఉన్న కొత్త చెవుల పని నేర్పడానికి ఐటీఐలు సాయంత్రపు కోర్సు పెట్టాలి. యంత్రాలున్నాయి, బోధకులున్నారు, నిర్ణయమొక్కటే కావాలి.

పాఠకులకూ ఒక మాట. కొత్త బండితో వచ్చిన చెవి నంబరు బిళ్లను, రెండో అసలు చెవిని ఇంట్లో భద్రపరచండి. చెవి విరిగితే రెండో చెవిని లోపలికి తోయకండి, జిగురు రాయకండి, తాళాన్ని బలంగా తిప్పకండి, విరిగిన పిడిని పారేయకండి. మీ వీధిలో తాళాలు చేసే మనిషి ఎక్కడ కూర్చుంటాడో ఈ వారమే వెతికి నంబరు రాసుకోండి. అతన్ని ఖాళీ చేయించడానికి వస్తే, మాకు ఈ మనిషి అవసరమని అధికారులకు మీరూ చెప్పండి. వాడుకునే మనం మాట్లాడితేనే అతని చోటు నిలుస్తుంది.