‘మీలాంటి వాళ్లు ఇదే చదివారు’ అంటే ఎవరిలాంటి వాళ్లు?

సెమిస్టర్‌లో 40 శాతం వరకు కోర్సులను ‘స్వయం’ పోర్టల్‌లో చదువుకోవచ్చని 2021లో యూజీసీ నిబంధన తెచ్చింది. ఏం చదవాలో ఎంచుకునే భారం విద్యార్థి మీద పడుతోంది. ఆ ఎంపికలో సాయం చేస్తామంటూ లెర్నింగ్ యాప్‌లు సిఫార్సులు చూపిస్తున్నాయి.

ఈ సిఫార్సులకు ఆధారం, మనలాంటి వాళ్లు ఇంతకుముందు ఏం నొక్కారన్న లెక్క. యాప్‌కు కులం చెప్పక్కర్లేదు. పిన్‌కోడ్, మీడియం, ఫోన్ రకం చాలు, మన వాడ దొరికిపోతుంది. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోన్ ఉన్న అమ్మాయి పాఠం మధ్యలో ఆపేస్తే, ఆసక్తి లేదని యాప్ రాసుకోవచ్చు. తర్వాత చిన్న కోర్సులే చూపిస్తుంది. ఆమె వాటినే నొక్కితే అదే ఆమె ఇష్టమంటుంది. లేమి కాస్తా అభిరుచిగా మారిపోతుంది.

సికింద్రాబాద్ చిలకలగూడలో 1918లో పుట్టిన జె. ఈశ్వరీబాయి టీచరుగా పనిచేసి, 1967లో ఎల్లారెడ్డి నుంచి అసెంబ్లీకి గెలిచారు. అంతకుముందటి దళిత స్త్రీల రికార్డు చూసే యంత్రం ఆమెకు ఆ దారి చూపేదా?

మేం సిఫార్సులు వద్దనడం లేదు. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లకు దారి చెప్పేవాళ్లు కావాలి. కానీ ఏ కోర్సు ఎందుకు చూపారో తెలుగులో చెప్పాలి. సిఫార్సు పక్కనపెట్టి మొత్తం జాబితా చూసే వీలుండాలి. కాలేజీల దగ్గర స్కాలర్‌షిప్ రికార్డులున్నాయి. పేర్లు బయటపెట్టకుండా, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఏ కోర్సులు చూపారో, మిగతావారికి ఏవి చూపారో ఏటా లెక్క తీసి ప్రకటించాలి. యాప్ కొనేముందే కాలేజీని ఈ లెక్క అడుగుదాం.