తీర్మానంతో పని ముగిసినట్టు కాదు

నగరపాలక సంస్థ సర్వసభ్య సమావేశాల వార్తలు చదివేవారికి ఒక వాక్యం బాగా పరిచయం. ఒక సభ్యుడు తన డివిజన్‌లో నాలుగు రోజులుగా నల్లా రావడం లేదంటాడు. మరొకరు చినుకు పడితే చాలు, వీధంతా మురుగేనంటారు. ఇంకొకరు రోడ్డు వెడల్పులో ఇళ్లు పోయినవారికి పరిహారం అందలేదని గొంతెత్తుతారు. వాదోపవాదాలు ముగిశాక మేయర్ లేచి, "ఈ విషయమై ప్రభుత్వాన్ని కోరుతూ తీర్మానం చేస్తున్నాము" అని ప్రకటిస్తారు. బల్లలు చరుస్తారు. సభ వాయిదా పడుతుంది. మరునాడు పత్రికల్లో నాలుగు పంక్తులు వస్తాయి. ఆ తీర్మానం ఎక్కడికి పోయింది, ఎవరు చదివారు, ఏమని బదులిచ్చారు అన్నది మాత్రం ఎవరికీ తెలియదు.

దీనిపై జనంలో రెండు అభిప్రాయాలున్నాయి. ఇవన్నీ కాలక్షేపం కబుర్లు, పైవాళ్లు తలచుకుంటేనే పని అవుతుందని కొందరంటారు. మా కార్పొరేటర్ సభలో మాట్లాడాడు, తీర్మానం కూడా అయింది, ఇక మా బాధ తీరినట్టేనని మరికొందరు సంతోషిస్తారు. ఈ రెండూ సరైనవి కావని మేము భావిస్తున్నాము. తీర్మానం చిత్తుకాగితమూ కాదు, మంత్రమూ కాదు. అది ఒక అర్జీ. అర్జీ రాసిన చేతికి బలముండాలి, దాని వెంట నడిచే కాళ్లుండాలి.

అసలు ఒక నగరం ఎన్నుకున్న సభ తన వీధిలోని నీళ్ల కోసం, మురుగు కోసం పై ప్రభుత్వాన్ని ఎందుకు అడుక్కోవాలి? ఈ ప్రశ్నకు జవాబు మన చట్టాల్లోనే ఉంది. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దానితో పాటు చేరిన 12వ షెడ్యూలులో 18 అంశాలున్నాయి. పట్టణ ప్రణాళిక, రోడ్లు, వంతెనలు, నీటి సరఫరా, పారిశుద్ధ్యం, మురికివాడల అభివృద్ధి, వీధి దీపాలు, శ్మశానాలు, ఖబరస్తాన్లు, కబేళాలు, జనన మరణాల నమోదు ఇవన్నీ ఆ పట్టికలోనివే. చూడబోతే పట్టణ జీవితమంతా మునిసిపాలిటీ చేతికి వచ్చినట్టే కనిపిస్తుంది. కానీ ఈ అధికారాలను రాష్ట్ర శాసనసభ మునిసిపాలిటీలకు "ఇవ్వవచ్చు" అని మాత్రమే రాజ్యాంగం అన్నది. "ఇచ్చి తీరాలి" అనలేదు. ఆ ఒక్క మాటలో ఉన్న తేడా వల్లే నేటికీ కౌన్సిళ్లు దరఖాస్తుదారులుగా మిగిలిపోయాయి.

హైదరాబాద్ సంగతే చూడండి. నీళ్లు, మురుగు కాల్వల బాధ్యత 1989లో ఏర్పడిన జలమండలికి వెళ్లింది. నగర ప్రణాళిక కోసం 1975లో పుట్టిన 'హుడా' స్థానంలో 2008లో 'హెచ్‌ఎండీఏ' వచ్చింది. కరెంటు పంపిణీ సంస్థ వేరు. బస్సులు ఆర్టీసీవి. మహానగరపాలక సంస్థలో కూడా కార్యనిర్వాహక అధికారం మేయర్ చేతిలో లేదు. రాష్ట్ర ప్రభుత్వం నియమించే కమిషనర్ చేతిలో ఉంది. అయినా నల్లా రాకపోతే బస్తీ ఆడవాళ్లు బిందెలతో వెళ్లేది కార్పొరేటర్ ఇంటికే. సంసారం ఒకరి తల మీద, బీరువా తాళాలు మరొకరి మొలలో అన్నట్టుంది ఈ ఏర్పాటు. అందువల్ల కౌన్సిల్ పై ప్రభుత్వాన్ని కోరుతూ తీర్మానం చేయడం చేతకానితనమని అనలేము. చాలా సందర్భాల్లో దానికి ఉన్న దారి అదొక్కటే.

తాళాలు లేకపోయినా, ఆ మాత్రం అడిగేవాళ్లయినా ఉన్నారా అంటే, అదీ అన్నివేళలా లేదు. హైదరాబాద్‌లో 1986లో ఎన్నికైన పాలకవర్గం గడువు 1991లో ముగిసింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2002లో. నడుమ సుమారు పదకొండేళ్లు ప్రత్యేకాధికారుల పాలనే. 2007 ఏప్రిల్‌లో చుట్టుపక్కల 12 మునిసిపాలిటీలను కలిపి మహానగరపాలక సంస్థను ఏర్పాటు చేశారు. దానికి ఎన్నికలు జరిగింది 2009లో. విశాఖపట్నం మహానగరానిది కూడా ఇదే కథ. 2007లో ఎన్నికైన కౌన్సిల్ గడువు 2012లో తీరితే, మరుసటి ఎన్నికలు 2021 మార్చిలో గాని జరగలేదు. గడువు తీరకముందే ఎన్నికలు పూర్తి చేయాలని రాజ్యాంగం స్పష్టంగా శాసించింది. 2006లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా ఇదే మాట చెప్పింది. ఆ ఏళ్లలో బస్తీ కష్టం చెప్పుకోవడానికి సభ లేదు, అడగడానికి సభ్యుడు లేడు. అధికారి ఎంత మంచివాడైనా బదిలీపై వెళ్లిపోతాడు. అయిదేళ్లకొకసారి ఓటు అడగడానికి మన గడపకు రావలసిన అవసరం అతనికి లేదు.

కౌన్సిల్ విన్నపం ఎందుకు విలువైనదో విశాఖ చెబుతుంది. 2021 జనవరిలో ఉక్కు కర్మాగారం ప్రైవేటీకరణకు కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. ఆ కర్మాగారం కోసం 1966లో జరిగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. తొమ్మిదేళ్ల తర్వాత కొలువుదీరిన విశాఖ కౌన్సిల్ అదే 2021లో ప్రైవేటీకరణను వ్యతిరేకిస్తూ తీర్మానం చేసింది. ఉక్కు కర్మాగారంతో మునిసిపాలిటీకి ఏమి పని అని అడిగినవారు ఉండవచ్చు. గాజువాక ఆ నగరంలోని ప్రాంతమే. కార్మికుల కుటుంబాలు ఆ డివిజన్లలోనే ఓటేస్తాయి. కర్మాగారం కుదేలయితే అక్కడి కిరాణా కొట్టు మొదలు ఆటో దాకా దెబ్బ తింటుంది. కాబట్టి అడిగే హక్కు ఆ సభకు ఉంది. ఆ ఏడాది మేలో రాష్ట్ర శాసనసభ కూడా అదే కోరుతూ తీర్మానం చేసింది. కార్మికులు ఏళ్ల తరబడి శిబిరాలు వదలలేదు. 2025 జనవరిలో కేంద్రం ఆ కర్మాగారానికి 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది. సమస్యలన్నీ తీరిపోయాయని మేము అనడం లేదు. ఒక్క కౌన్సిల్ తీర్మానమే దీన్ని సాధించిందనీ అనడం లేదు. కౌన్సిల్, శాసనసభ, కార్మికులు ఒకే మాట మీద నిలిచారు. ఏళ్లు గడిచినా ఆ మాట వదలలేదు. గమనించవలసింది ఇదే.

హైదరాబాద్ పాతనగరంలో ఇందుకు భిన్నమైన అనుభవం ఉంది. 2000 ఆగస్టు వరదల తర్వాత నాలాల తీరుపై అధ్యయనం చేయించారు. 2003లో కిర్లోస్కర్ కన్సల్టెంట్ల నివేదిక వచ్చింది. నాలాలు ఎక్కడ ఇరుకయ్యాయో, ఎంత వెడల్పు చేయాలో అందులో ఉంది. చర్చలు జరిగాయి, విన్నపాలు వెళ్లాయి. పనులు మాత్రం నత్తనడకన సాగాయి. 2020 అక్టోబరులో కుండపోత వానలకు పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగాయి. అల్ జుబైల్ కాలనీ, హఫీజ్ బాబానగర్ వంటి చోట్ల ఇళ్లలోకి నీళ్లు చేరాయి. ప్రాణాలు పోయాయి. బియ్యం, బట్టలు, పిల్లల పుస్తకాలు, కుట్టు మిషన్లు బురదలో కలిశాయి. ఆ తర్వాత ఇంటికి పది వేల రూపాయల సాయం, 2021లో నాలాల కోసం ప్రత్యేక కార్యక్రమం వచ్చాయి. వరద వచ్చాక ఇచ్చిన పది వేలు ఆనాటి ఆకలికి పనికొచ్చాయేమో గాని, 17 ఏళ్ల ముందే చేతికందిన నివేదికను పట్టించుకుని ఉంటే ఎన్ని కుటుంబాల కష్టం తప్పేదో ఆలోచించండి.

ఇక్కడ తప్పు ఒక్క చోట లేదు. చెరువు కట్ట ఒక శాఖది, చెరువు శిఖం భూమి ఇంకో శాఖది, దిగువ నాలా కార్పొరేషన్‌ది. ఎవరిని అడిగినా పక్క కార్యాలయం వైపు చూపిస్తారు. మెట్రో రైలు విషయంలోనూ ఇంతే. మొదటి ప్రణాళికలో జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి ఫలక్‌నుమా దాకా మార్గం ఉంది. 2020 ఫిబ్రవరిలో ఆ రైలు ఎంజీబీఎస్ దగ్గర ఆగిపోయింది. మిగిలిన అయిదున్నర కిలోమీటర్ల కోసం పాతనగరం ఎన్నిసార్లు అడిగిందో లెక్క లేదు. 2024 మార్చిలో గాని దానికి శంకుస్థాపన జరగలేదు.

అయితే పైవారిని నిందించి ఊరుకుంటే న్యాయం కాదు. కౌన్సిల్ చేతిలో ఉన్న పనులు కూడా తక్కువేమీ కాదు. చెత్త ఎత్తడం, వీధి దీపం వెలిగించడం, వానాకాలానికి ముందే నాలాలో పూడిక తీయించడం, జనన మరణ ధృవపత్రాలు తిప్పించుకోకుండా ఇవ్వడం, దోమల మందు కొట్టించడం, ఇవి ఎవరి అనుమతీ అక్కరలేని పనులు. మోరీ పొంగుతుంటే చూస్తూ, ఢిల్లీకి తీర్మానం పంపే సభను పై ప్రభుత్వం ఏమి గౌరవిస్తుంది? తన ఇంటి పని చక్కబెట్టుకున్నవాడు అడిగితే ఆ మాటకు బరువుంటుంది. చేయదగింది చేయక, చేయలేనిదాని గురించి ఉపన్యాసాలు ఇవ్వడం ఓటర్లను మభ్యపెట్టడమే.

తీర్మానం రాసే పద్ధతి కూడా మారాలి. "తగు చర్యలు తీసుకోవలసిందిగా కోరుచున్నాము" అంటే ఎవరికీ ఏమీ చెప్పినట్టు కాదు. ఏ శాఖను అడుగుతున్నాము, ఏ పని, ఎంత ఖర్చు, ఎప్పటిలోగా అన్నది స్పష్టంగా ఉండాలి. ఎన్ని ఇళ్లు మునిగాయి, ఎన్ని గంటలు నీళ్లు నిలిచాయి అన్న లెక్క జతపరచాలి. ప్రతులు శాసనసభ్యునికి, పార్లమెంటు సభ్యునికి అందాలి. వచ్చిన జవాబును మరుసటి సమావేశంలో చదివి వినిపించాలి. జవాబు రాకపోతే రాలేదని నమోదు చేయాలి. ఈ చిన్న నియమం ఒక్కటి పాటించినా సగం తీర్మానాలు అటకెక్కకుండా ఉంటాయి.

ఇక మన సంగతి. హైదరాబాద్‌లో 2009లో 42 శాతం, 2016లో 45 శాతం, 2020లో 47 శాతం లోపు మంది ఓటేశారు. మూడుసార్లూ సగం నగరం ఇంట్లోనే కూర్చుంది. మసీదు మెట్ల మీద, హోటల్ బల్లల దగ్గర, పెళ్లి విందుల్లో మనం చర్చించేది ఎక్కువగా ఇవే సమస్యలు కదా! చర్చకు ఉన్న ఓపిక పోలింగు కేంద్రం దాకా నడవడానికి లేకపోవడం శోచనీయం. నాలా మీద గోడ కట్టుకుని, నాలాలో చెత్త సంచి విసిరి, నీళ్లు పోవడం లేదని ధర్నా చేయడం కూడా మనకు తెలిసిన సంగతే. నగరం అందరి అమానత్. దాన్ని కాపాడవలసినవారిలో మనమూ ఉన్నాము.

సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. పది రూపాయల రుసుముతో ఒక దరఖాస్తు పెట్టి, ఫలానా తీర్మానం నకలు, దానిపై తీసుకున్న చర్య, వచ్చిన జవాబు ఇవ్వమని అడగవచ్చు. సాధారణంగా 30 రోజుల్లో బదులివ్వాలి. తప్పు కార్యాలయానికి పెడితే, వారే అయిదు రోజుల్లోగా సరైన చోటికి పంపాలి. పక్క కార్యాలయం వైపు వేలు చూపించే అలవాటుకు ఇదే తగిన మందు. మొహల్లాలో చదువుకున్న యువకులు నలుగురు కలిసి నెలకొక దరఖాస్తు రాసినా ఎంతో ఉపకారం. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం చెప్పింది. మీ వార్డులో కమిటీ ఉన్నదా, ఎప్పుడు కూర్చుంటుంది, అందులో ఎవరున్నారని అడగండి.

మరొక ముఖ్య విషయం. పట్టణ సభల్లో కనీసం మూడోవంతు స్థానాలు మహిళలవని రాజ్యాంగం నిర్దేశిస్తే, మన రెండు తెలుగు రాష్ట్రాలు దాన్ని సగానికి పెంచాయి. మన సోదరీమణులు ఎందరో కార్పొరేటర్లుగా, కౌన్సిలర్లుగా గెలుస్తున్నారు. కాని చాలాచోట్ల సంతకం ఆమెది, పెత్తనం భర్తది లేదా మరిదిది. నల్లా ఎన్ని గంటలకు వస్తుందో, నీళ్ల రంగు ఎలా ఉందో, ఏ మలుపులో దీపం లేక ఆడపిల్లలు భయపడుతున్నారో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? ఆమెను మాట్లాడనివ్వండి. ఆమె తెచ్చే ఫిర్యాదులో లెక్క ఉంటుంది, వేళ ఉంటుంది, చిరునామా ఉంటుంది. పై ప్రభుత్వానికి పంపవలసిన తీర్మానానికి కావలసింది సరిగ్గా అదే.

హైదరాబాద్ అయినా, విశాఖ అయినా, కర్నూలు, గుంటూరు, నిజామాబాద్ అయినా ఈ మాట ఒక్కటే. అధికారాలను గుప్పిట్లో ఉంచుకుని నిందను మాత్రం కౌన్సిళ్ల మీదకు నెట్టే పద్ధతిని ప్రభుత్వాలు మానుకోవాలి. ఎన్నికలను గడువులోగా జరిపించాలి. కౌన్సిళ్లు తమ పని తాము చేసి, పైవారిని అడగవలసింది గట్టిగా, లెక్కతో అడగాలి. ఇక పౌరులుగా మనం, తీర్మానం జరిగిన రోజున చప్పట్లు కొట్టి ఊరుకోక, మూడు నెలల తర్వాత కార్పొరేటర్ గడపకు వెళ్లి, "ఆ కాగితం ఎక్కడుంది?" అని మర్యాదగా అడగాలి. ఆ ప్రశ్న వినబడుతున్నంత కాలం ఏ తీర్మానమూ అటక మీద నిద్రపోలేదు.