ఓడకు పట్టిన జంగు

కోహెడలో కూర్చుని ఓడల గురించి వ్రాయడం కొంత విడ్డూరమే. మా ఊరి నుంచి ఏ దిక్కుకు పోయినా సముద్రం తగలాలంటే వందల కిలోమీటర్లు దాటాలి. మాకు తెలిసిన పెద్ద నీరు చెరువు నీరే. మంచి వానలు పడిన ఏడు శనిగరం కట్ట మీద నిలబడి చూస్తే అదే మాకు సముద్రం. అయినా విహారనౌకల మీద పట్టే త్రుప్పును గురించి నాకొక గట్టి అభిప్రాయం ఏర్పడిపోయింది. దానిని నాకు కలిగించినవాడు జన్మలో ఓడ నెక్కని మనిషి కావడం చేత, ఆ ముచ్చట ముందుగా చెప్పాలి.

మా పెద్దబాపు కొడుకు, వదినె కొన్నేళ్ళ క్రితం అమెరికాలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళారు. అల్లుడు ముచ్చటపడి వారిని ఒక విహారనౌక ఎక్కించాడు. పేరెందుకు గాని, అంతస్తుల మీద అంతస్తులుగా తెల్లగా మెరిసిపోయే ఓడ. తిరిగి వచ్చాక అన్న మా అరుగు మీద కూర్చుని ఫోనులో బొమ్మలు చూపించాడు. అందులో ఒకటి అతడు ప్రత్యేకంగా పెద్దది చేసి చూపించిన బొమ్మ. లంగరు వ్రేలాడే రంధ్రం క్రింద, తెల్లని రంగు మీద, గోధుమరంగు చార ఒకటి బారెడు పొడవున కారి ఉంది.

"గింత పైసలు వోసి ఎక్కితే ఓడకు జంగు వట్టి ఉన్నది సూడుండ్రి" అన్నాడు.

ఆ సమయానికి మా వాడకట్టు పెద్దాయన ఒకరు అక్కడే ఉన్నారు. నీటిపారుదల శాఖలో లష్కరుగా పనిచేసి విరమించిన మనిషి. అందరమూ లష్కర్ కాక అంటాము. ఆయన బొమ్మను కాసేపు చూచి, "జంగు సంగతి సరే బిడ్డా, గీకెటోడు కండ్లవడ్డడా?" అని అడిగాడు.

"కండ్లవడుడేంది కాకా! పొద్దుగాల్నే టకటక కొట్టుకుంట నిద్ర వట్టనియ్యలె. తాడుకు ఏలాడుకుంట ఒకడు సుత్తెతోని కొడుతుండె. కిందికి వొయ్యి చెప్పొచ్చిన గూడ."

"అయితె మంచి ఓడనే" అన్నాడు కాక.

అన్న ఫిర్యాదులు రెండూ (త్రుప్పు ఉన్నదన్నది ఒకటి, దానిని గీకుతున్నారన్నది రెండవది) ఒకే నోటి నుంచి వచ్చాయని మాకెవ్వరికీ అప్పుడు తోచలేదు. ఆలోచించిన కొద్దీ ఓడ ప్రయాణికులలో చాలామంది చేసేది ఇదేననిపించింది. మరక కనబడకూడదు, మరకను తుడిచేవాడూ కనబడకూడదు.

త్రుప్పు ఎలా పడుతుందో బళ్ళో చదువుకున్నాము. ఇనుము, నీరు, ప్రాణవాయువు కలిస్తే చాలు. ఉప్పు దానిని పుట్టించదు గాని, విద్యుత్తు పారడానికి దారి వేసి వేగం పెంచుతుంది. ఓడ నిలువునా మునిగి ఉన్నది ఆ ఉప్పునీటిలోనే, నీటికి పైన ఉన్న భాగానికి తగిలేది కూడా ఉప్పు గాలే. త్రుప్పు తాను తినివేసిన ఇనుము కంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందువల్ల పైనున్న రంగు పొక్కులా లేస్తుంది, పొక్కు పగిలి మరికొంత నీరు లోపలికి పోతుంది. ఆ పొక్కు మీదనే మళ్ళీ రంగు పూస్తే నాలుగు రోజులు కంటికి ఇంపుగానే ఉంటుంది. లోపలి ఉప్పు మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. సరియైన పద్ధతి వేరు. సుత్తెతోనో గాలి యంత్రానికి తగిలించిన సూదులతోనో పొక్కును పగులగొట్టాలి. తీగ కుంచెతో లోహం మెరిసే దాకా రుద్దాలి. మంచినీటితో ఉప్పును కడగాలి. ఆరాక ప్రైమరు, ఆ పైన ఒకటికి రెండు పూతలు. ఒక మూల నుంచి మొదలుపెట్టి చివరికి వచ్చేసరికి మొదటి మూల మళ్ళీ ఎరుపెక్కుతుంది. ఓడ బ్రతికి ఉన్నంత కాలం ఇంతే.

ముక్కు దగ్గర లంగరు గొలుసు ఎక్కిదిగిన ప్రతిసారీ రంగును గీరుకుపోతుంది. పై అంతస్తుల నీరు జారే తూముల క్రింద ఎప్పుడూ తడే. ఆ రెండు చోట్లా చారలు పడకపోతేనే ఆశ్చర్యం. తెల్లని రంగు దానిని దాచదు. సరుకు ఓడలు నలుపో ఎరుపో పూసుకుని మర్యాద కాపాడుకుంటాయి, విహారనౌకకు ఆ సౌకర్యమూ లేదు. పైగా అది రేవులో నిలిచేది ఒక్క పగలే. ఆ కొద్ది గంటలలో వేలమంది దిగాలి, వేలమంది ఎక్కాలి. రంగు పెచ్చులు నీటిలో పడతాయని ఎన్నో రేవులలో బయటి ప్రక్క గీకనివ్వరు కూడా. అసలు భయపడవలసిన త్రుప్పు ప్రయాణికునికి కనబడదు. అది అడుగున, బరువు కోసం నీరు నింపే తొట్లలోను, గొట్టాల మలుపులలోను ఉంటుంది. నీటి అడుగు భాగానికి జింకు దిమ్మెలు బిగిస్తారు. ఇనుముకు బదులుగా అవి కరిగిపోతాయి, కరిగిన వాటిని పొడి రేవులోకి ఎక్కించినప్పుడు మారుస్తారు. ప్రయాణికుల ఓడ అడుగును ఐదేండ్లలో కనీసం రెండుసార్లు పొడి రేవులో తనిఖీ చేయాలన్న నియమం ఉన్నది. లంగరు క్రింది చారను చూచి ఓడ సత్తాను నిర్ణయించడమంటే, చొక్కా మీది చెమట మరకను చూచి కూలివానిని సోమరి అనడం వంటిదే.

ఈ సందర్భంలో ఒక మాట ముచ్చట. కోస్తావారు త్రుప్పు అన్నదానిని మేము జంగు అంటాము. ఉర్దూ 'జంగ్' నుంచి వచ్చినది. యుద్ధానికీ ఉర్దూలో ఇంచుమించు ఇదే మాట. పలుకుబడిలో ఆ రెండు జకారాలకూ భేదమున్నది గాని మన తెలుగు నాలుకకు లేదు. ఇక లష్కర్ అంటే పారసీకంలో సేన. ఆ మాట పోర్చుగీసువారి నోట పడి, ఆంగ్లేయుల ఓడల మీద పనిచేసే మన దేశపు నావికులకు పేరయింది. పడమటి ఓడలలో బొగ్గు వేసినవారు, తెరచాప ఎక్కినవారు, త్రుప్పు గీకినవారు ఆ లస్కర్లే. కుంఫిణీ కాలంలో గుడారాలు వేసే లస్కర్లుండేవారు, ఫిరంగులు లాగే లస్కర్లుండేవారు. అదే మాట కాలువల శాఖలోకి వచ్చి, తూము దగ్గర షట్టరు ఎత్తి దింపే మా కాకకు ఉద్యోగం పేరయింది. జంగుతో పోరాడే లష్కరు! ఎవరూ అనుకుని పెట్టిన పేరు కాదు గాని భలే కుదిరింది.

ఇప్పుడు మన సముద్రం వైపు వస్తాను. 2022 జూన్ 8న విశాఖపట్నం రేవుకు 'ఎంప్రెస్' అనే విహారనౌక వచ్చింది. జనం ఎగబడి చూశారు. క్రొత్త ఓడ కాదది. ఫ్రాన్సులోని సెంట్ నజైర్‌లో తయారై, 1990లో 'నార్డిక్ ఎంప్రెస్' అన్న పేరుతో నీటి మీద తిరగడం మొదలుపెట్టింది. విశాఖకు వచ్చేనాటికి ముప్పై రెండేళ్ళ వయసు. అంతకు రెండేళ్ళు కూడా నిండక ముందే, 2020 అక్టోబరులో, వాయుగుండం తెచ్చిన గాలులకు 'మా' అనే బంగ్లాదేశ్ సరుకు ఓడ లంగరు తెంచుకుని అదే నగరంలో తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకు కొట్టుకువచ్చింది. దానిని భోజనశాలగా మార్చాలని పర్యాటకశాఖవారు తలపెట్టారు. ఆ తలంపు సాగలేదు. ఈలోగా జనం దాని ముందు నిలబడి బొమ్మలు తీసుకుంటూ ఉండగానే ఓడ ఎర్రబారిపోయింది. ఒకే సముద్రం, ఒకే ఉప్పు గాలి. ఒక ఓడ ముప్పై రెండేళ్ళ తరువాత కూడా జనాన్ని ఎక్కించుకుని తిరుగుతున్నది, ఇంకొకటి నాలుగు కాలాలు తిరగకముందే ఇనుప గుట్ట అవుతున్నది. తేడా ఎక్కడున్నదో చెప్పనక్కరలేదు. 'మా' నావికులను ఒడ్డుకు చేర్చిన రోజే దాని మీద గీకేవారు లేకుండా పోయారు.

నీటిలో తిరగని ఓడకు కూడా తప్పదు. అదే నగరంలో రామకృష్ణా బీచి మీద కురుసుర జలాంతర్గామి ఉన్నది. 2001లో నౌకాదళం దానికి విశ్రాంతి ఇచ్చింది, 2002లో ప్రదర్శనశాల అయింది. ఇసుక మీద కూర్చున్నది కదా అని ఉప్పు గాలి దానిని వదలదు, మరమ్మతులు దానికీ కావాలి. అమెరికాలో లాంగ్ బీచి దగ్గర 'క్వీన్ మేరీ' 1967 నుంచి కట్టివేసి ఉన్నది, హోటలుగా. ఒకప్పుడు అట్లాంటిక్ సముద్రాన్ని ఏలిన ఓడ. ఏండ్ల తరబడి మరమ్మతులు వెనుకబడగా, వెంటనే చేయవలసిన పనులకే 2 కోట్ల 30 లక్షల డాలర్లు కావాలని 2021లో తనిఖీ చేసినవారు తేల్చారు. చేయకపోతే ఓడ ఒరిగి మునిగే ప్రమాదమున్నదన్నారు. ఏటేటా చిల్లరగా ఇవ్వవలసినది ఒక్కసారిగా బాకీగా మీద పడడమంటే ఇదే.

2023 సెప్టెంబరులో విశాఖలో దాదాపు 96 కోట్లతో విహారనౌకల టెర్మినల్ ప్రారంభమయింది. మంచిదే, నాకు అసూయ లేదు. కాని ప్రారంభోత్సవానికి ఒక తేదీ ఉంటుంది, ఒక శిలాఫలకం ఉంటుంది. రంగు గీకడానికి తేదీ ఏది, ఫలకం ఏది? ఈ లోపం ఒక్క రేవుది కాదు, ఒక్క ప్రభుత్వానిదీ కాదు. మన స్వభావంలోనే ఉన్నది. ఇల్లు కట్టేటప్పుడు అప్పు తెచ్చి అయినా పాలరాయి వేయిస్తాము. ఏడాదికొకసారి కిటికీ చువ్వలకు రంగు వేయించమంటే వాయిదా వేస్తాము.

పూర్వం ఈ స్వభావం ఇంత ముదిరినట్టు లేదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో ఉక్కు వండిన నేల మాది. పారశీక వర్తకులు వచ్చి అక్కడి ఉక్కును కొనుక్కుపోయేవారు. ఇనుము చేయడం తెలిసినవారికి దాని ఉనికిని కాపాడడమూ తెలుసు. వాన కాలానికి ముందు రైతు కర్రు తీసుకుని కమ్మరి కొలిమికి పోవాలి, సాగగొట్టించుకోవాలి. దానికి కమ్మరికి ధాన్యం కొలవాలి. క్రొత్త నాగలి చేసినందుకు కాదు, పాతదానిని నిలబెట్టినందుకు ప్రతి పంటకూ ఇచ్చే పాలు అది. బండి కింద కందెన గొట్టం వ్రేలాడుతూ ఉండేది, ఇరుసుకు కందెన లేకుండా బండి కట్టేవారు కాదు. చెరువుకు నీరటి ఉండేవాడు. తూము చూడడం, కట్టకు బొరియలు పడితే పూడ్చడం, మత్తడి దగ్గర కాపు కాయడం అతని పని, ఊరి ధాన్యంలో అతనికీ వాటా. ఆ కాలమంతా బంగారమని నేననను. ఆ వాటా తీసుకునేటప్పుడు నీరటి ఎక్కడ నిలబడవలసి వచ్చేదో నాకు తెలుసు. కాని పని అన్నదొకటి ఉన్నదని, దానికి మనిషి కావాలని, ఆ మనిషికి తిండి పెట్టాలని ఊరు ఒప్పుకున్నది.

నీరటి పోయాడు, లష్కరు వచ్చాడు. తరువాత లష్కర్లు విరమించారు, వారి ఖాళీలు చాలా చోట్ల చాలా ఏండ్లు అలాగే ఉండిపోయాయి. 2015లో మిషన్ కాకతీయ మొదలయినప్పుడు 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలన్నారు. పూడిక తీశారు, కట్టలు బలపరిచారు, తూములకు క్రొత్త షట్టర్లు వచ్చాయి. మంచి పని జరిగింది, కళ్ళారా చూచాను. ఆ షట్టరు మరకు మరుసటి వేసవిలో నూనె వేసేది ఎవరన్నది మాత్రం ఎవరి లెక్కలోనూ నాకు కనబడలేదు. లష్కర్లను మళ్ళీ నియమించుకోవడం గురించి ఈ మధ్య కదలిక వచ్చినది. సంతోషమే.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి, గేటు వరదలో కొట్టుకుపోయింది. ఆ ఆనకట్టకు అప్పటికి డెబ్బై ఏండ్లు. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక రైతులందరి నీళ్ళూ కళ్ళముందే నదిలోకి పోతుంటే, కన్నయ్యనాయుడుగారు ఆ వయసులో వచ్చి, పారే నీటిలోనే తాత్కాలిక గేటు దింపించి నిలబెట్టారు. ఆయనకు జరిగిన సన్మానాలన్నీ న్యాయమైనవే. గొలుసులు తెగకుండా ఏళ్ళ తరబడి గ్రీజు పెట్టినవారెవరో ఒక్కరి పేరూ నాకు తెలియదు, మీకూ తెలియదు.

ఓడ మీది మనిషి విషయమూ అంతే. అన్నకు నిద్ర పట్టనివ్వని ఆ మనిషి ఏ దేశంవాడో అతడు అడగలేదు. ఫిలిప్పీన్స్‌వాడో, ఇండోనేషియావాడో, మనవాడో కావచ్చు. 2006లో కుదిరి, 2013లో అమలుకు వచ్చి, 2015లో మన దేశమూ ఆమోదించిన నావికుల శ్రమ ఒప్పందం ప్రకారం, పనిగంటలను లెక్కించే ఓడలలో గరిష్ఠ పరిమితి రోజుకు 14, వారానికి 72. ఇది హద్దు అని గుర్తుంచుకోవాలి, ఇంత దాకా చేయించుకోవచ్చునన్నమాట. నెలల తరబడి ఇంటి మొగం చూడకుండా, టిక్కెట్టు కొన్నవారి కంట పడకుండా గీకాలి. నా అభిప్రాయంలో ఓడ కంపెనీలు ఆ మనిషిని దాచడం మాని, ఓడలోని నృత్యశాలనూ వంటశాలనూ చూపించినట్టే అతని పనిని కూడా చూపించాలి. ఏ వారం ఏ ప్రక్క గీకారో, జింకు దిమ్మెలు ఎప్పుడు మార్చారో ఒక పలక మీద వ్రాసి పెట్టాలి. జనం బెదిరిపోతారంటారా? మా అన్న ఒకడు బెదురుతాడేమో. లష్కర్ కాకవంటివారు ధైర్యంగా ఎక్కుతారు.

మొన్న వానకాలం నార్లకు నీరు వదలాలని మా ప్రాంతంలోని ఒక చెరువు తూము దగ్గరికి పోయాము. చక్రం తిరగలేదు. మర నిలువునా ఎర్రగా పట్టుకుపోయి ఉంది. ఇద్దరు పోరగాండ్లు గడ్డపారలు వేసి లాగారు, ఒకరు ఇంటికి పోయి డీజిలు తెచ్చి పోశారు. ఎవరో కాకను బండి మీద తీసుకొచ్చారు. ఆయన చేయి పెట్టలేదు, వయసు మీద పడింది. ఎక్కడ కొట్టాలో చెప్పాడు, ఎంత సేపు ఆగాలో చెప్పాడు. మధ్యాహ్నం దాటాక చక్రం అర చుట్టు కదిలింది. నీళ్ళు మరునాడు పొద్దుటికి పొలాలకు చేరాయి.